బలహీనతా, చెమ్మా? చైనా సంప్రదాయ వైద్యంలో ప్లీహ సమస్యను గుర్తించి సరిచేసుకునే పద్ధతి

చైనా సంప్రదాయ వైద్యుడు నాడి చూసి "మీ ప్లీహం బలహీనంగా ఉంది" అనగానే చాలామంది ఎడమ డొక్క తడుముకుంటారు. ఆయన అన్నది ఆ అవయవం గురించి కాదు. మనం స్కానింగులో చూసే ప్లీహం ఎడమవైపు 9 నుంచి 11వ పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవాళ్లలో దాని బరువు సుమారు 150 గ్రాములు. పాతబడిన ఎర్ర రక్తకణాలను ఏరెయ్యడం, రోగనిరోధక కణాలకు చోటివ్వడం దాని పని. చైనా వైద్యులు ప్లీహానికి వాడే 'పీ' అనే మాట ఒక పనితీరుకు పెట్టిన పేరు. తిన్నదాన్ని అరిగించి, అందులోని సారాన్ని 'చి' అనే ప్రాణశక్తిగా, రక్తంగా మార్చి ఒళ్లంతా పంచడం పీ పని అంటారు. రక్తం నాళాలు దాటి కారిపోకుండా ఆపడం, లోపలి అవయవాలు కిందికి జారకుండా ఎత్తిపట్టడం, కండకూ కాళ్లూచేతులకూ బలం ఇవ్వడం కూడా దాని బాధ్యతలే.

ఈ తేడా తెలియకపోతే రెండు రకాలుగా నష్టపోతాం. నిజంగా ప్లీహం వాచినవాళ్లు, అంటే మలేరియా, కాలేయ సిరోసిస్, రక్త క్యాన్సర్ లాంటివి ఉన్నవాళ్లు, జీర్ణానికి వాడే మూలికలు తాగుతూ కూర్చుంటారు. ప్లీహానికి ఏ జబ్బూ లేనివాళ్లేమో ఆ మాట విని హడలిపోతారు.

కషాయం కంటే ముందు చేయించుకోవాల్సిన పరీక్షలు

ఆకలి లేకపోవడం, నీరసం, పల్చటి విరేచనాలు, పాలిపోయిన ముఖం ఉంటే చైనా వైద్యం పీ బలహీనత అంటుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, గోధుమ పడని సీలియాక్ వ్యాధి, క్లోమం జబ్బులు, పేగు క్యాన్సర్ కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు. కారణం లేకుండా బరువు తగ్గినా, మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, నిద్రలోంచి లేపేంతగా విరేచనాలైనా, జ్వరం వదలకపోయినా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒంటిమీద ఊరికే నీలి మచ్చలు వస్తుంటే పూర్తి రక్తకణాల పరీక్ష చేయించి, ప్లేట్‌లెట్ల సంఖ్య చూసుకున్నాకే మిగతా సంగతి. డొక్కకు దెబ్బ తగిలిన తర్వాత ఎడమవైపు నొప్పి మొదలై భుజం దాకా పాకితే ప్లీహం చిట్లి ఉండొచ్చు. అప్పుడు నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి. ప్లీహం వాచిందని తెలిసినవాళ్లు పొట్టను గట్టిగా నొక్కించుకోవడం, మర్దన చేయించుకోవడం అస్సలు కూడదు.

నాలుక చూడడం

పీ స్థితి తెలుసుకోవడానికి వైద్యుడు ముందుగా చూసేది నాలుకే. ఇంట్లో మీరూ చూసుకోవచ్చు, కానీ సరైన పద్ధతిలో చూడాలి. పొద్దున లేవగానే, ఏమీ తినక ముందు, తాగక ముందు, పగటి వెలుతురులో చూడాలి. పసుపు రంగు బల్బు కింద తెల్లటి పూత కూడా పచ్చగా కనిపిస్తుంది. కాఫీ, పాలు, రంగు కలిపిన మిఠాయిలు పూత రంగు మార్చేస్తాయి. నాలుకను గీకిన రోజు చూసి లాభం లేదు, ఎందుకంటే మనం చూడాల్సింది ఆ పూతనే. నాలుకను బిగించకుండా వదులుగా చాపండి. ఎక్కువసేపు చాపి ఉంచితే రంగు ముదిరి మోసం చేస్తుంది. పది, పదిహేను సెకన్లలో చూసి లోపలికి తీసుకుని, కావాలంటే మళ్లీ చాపండి.

మొదట నాలుక రంగు చూడండి. మామూలుగా అది లేత ఎరుపులో ఉంటుంది. పాలిపోయి, ఉబ్బి, అంచుల్లో పళ్ల గాట్లు వరసగా పడి ఉంటే అది బలహీనత గుర్తు. తరువాత పూత చూడండి. సన్నగా, తెల్లగా, కింద నాలుక కనిపించేలా ఉంటే పర్వాలేదు. జిడ్డుగా, మందంగా, గీకినా వదలనట్టు ఉంటే లోపల చెమ్మ, అంటే పీ సరిగా పంచలేక నిలిచిపోయిన తేమ, చేరిందని లెక్క. ఆ జిడ్డు తెల్లగా ఉంటే చలువతో కూడిన చెమ్మ, పచ్చగా ఉంటే వేడితో కూడిన చెమ్మ. చికిత్స ఏ దారిన వెళ్లాలో ఎక్కువగా ఈ పూతే తేలుస్తుంది. పళ్ల గాట్లు కనిపించగానే బలం మందులకు పరిగెత్తేవాళ్లు పూత చూడడం మరిచిపోతారు.

నాడి విషయంలో పీ స్థానం కుడి మణికట్టు దగ్గర, వైద్యుడి మధ్యవేలు ఆనే చోట ఉంటుంది. దాన్ని చదవడానికి ఏళ్ల సాధన కావాలి, ఆ పని వైద్యుడికే వదిలెయ్యండి.

ఏ తీరు సమస్యో తేల్చుకోవడం

పీ చి బలహీనతే మిగతా బలహీనతలన్నిటికీ మూలం. తిన్న వెంటనే పొట్ట ఉబ్బరించి, పడుకోవాలనిపిస్తుంది. గొంతులో సత్తువ ఉండదు. మలం మొదట గట్టిగా వచ్చి, చివరికి పల్చబడుతుంది. దీనికి చలి తోడైతే యాంగ్ బలహీనత, అంటే ఒంటికి వెచ్చదనమిచ్చే శక్తి తగ్గడం. కాళ్లూచేతులు చల్లబడతాయి, పొట్టనొప్పి వేడి కాపడం పెడితే, చేత్తో అదిమితే తగ్గుతుంది, తిన్నది అరక్కుండానే బయటికి వస్తుంది. ఎత్తిపట్టే శక్తి సన్నగిల్లితే పొత్తికడుపు కిందికి లాగుతున్నట్టుంటుంది, మలద్వారం గానీ గర్భాశయం గానీ జారొచ్చు. పట్టి ఉంచే శక్తి పోతే రక్తస్రావం: నీలి మచ్చలు, మలంలో రక్తం, ఆగని నెలసరి.

చెమ్మ చేరినప్పుడు కథ వేరు. ఇక్కడ సమస్య లేమి కాదు, అడ్డు. తలకు తడిగుడ్డ చుట్టినట్టు బరువు, ఒళ్లు ఈడ్చుకుంటూ నడవడం, నోరు జిగటగా ఉండి దాహం లేకపోవడం దీని లక్షణాలు. మలం మరుగుదొడ్డికి అంటుకుపోయి ఒక పట్టాన కడుగుడు పడదు. వేడి కూడా కలిస్తే నోరు చేదెక్కుతుంది, మలం కంపు కొట్టి మంటపుడుతుంది, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది.

పొరబడే చోట్లు రెండున్నాయి. తెల్లవారుజామునే బొడ్డు చుట్టూ నొప్పి వచ్చి విరేచనానికి పరిగెత్తాల్సి వస్తే, ఆ వైద్యం దాన్ని మూత్రపిండాల యాంగ్ లోపం కింద చూస్తుంది. పీ మందు ఒక్కటే దానికి చాలదు. కోపం గానీ ఆందోళన గానీ కలిగినప్పుడల్లా పొట్ట మెలిపెట్టి, విరేచనం అవగానే నొప్పి సర్దుకుంటే, కాలేయం పీ మీద పెత్తనం చేస్తోందని అర్థం. దానికి తోంగ్ షియె యావ్ ఫాంగ్ అనే వేరే మందు ఉంది. అందులో బాయ్ జు అనే దుంపతో పాటు బాయ్ షావ్ వేరు, నారింజ జాతి పండు ఎండు తొక్క, ఫాంగ్ ఫెంగ్ వేరు వేస్తారు.

ఏ తీరుకు ఏ మందు

బలహీనతకు పునాది మందు సి జున్‌జి తాంగ్. నలుగురు పెద్దమనుషుల కషాయం అని ఆ పేరుకు అర్థం. ఏ ఒక్కటీ అతి చెయ్యని నాలుగు మూలికలు కాబట్టి ఆ పేరు. రెన్ షెన్ అనే జిన్‌సెంగ్ వేరు 9 గ్రాములు, బాయ్ జు దుంప 9, దేవదారు జాతి పైన్ చెట్ల వేళ్ల మీద పెరిగే ఫు లింగ్ శిలీంధ్రం 9, తేనెతో వేయించిన అతిమధురం వేరు 6 గ్రాములు. రెన్ షెన్‌కు బదులు మెత్తటి దాంగ్ షెన్ వేరు వాడతారు, అది బలం తక్కువ కాబట్టి రెండు మూడింతలు వెయ్యాలి. ఉబ్బరం, వికారం, కఫం కూడా ఉంటే ఆ నారింజ జాతి పండు తొక్క, శుద్ధి చేసిన బాన్ షియా దుంప, ము షియాంగ్ వేరు, షా రెన్ గింజలు చేరుస్తారు. అప్పుడది షియాంగ్ షా లియు జున్‌జి తాంగ్ అవుతుంది. పాత గ్రంథాల్లో కొలతలు చియెన్‌లలో కనిపిస్తే, ఒక చియెన్‌ను సుమారు 3 గ్రాములుగా లెక్కేసుకోండి.

చలువ ఎక్కువైన బలహీనతకు లి జోంగ్ వాన్. రెన్ షెన్, బాయ్ జు, శొంఠి, వేయించిన అతిమధురం సమపాళ్లలో వేస్తారు. మందు మింగిన కాసేపటికి వేడి గంజి తాగి, కప్పుకుని వెచ్చగా ఉండమని పాత పద్ధతి చెబుతుంది. ఆ గంజిని మానేసి మందు పనిచెయ్యలేదనేవాళ్లు ఎక్కువ.

లోపలి అవయవాల జారుడుకు బు జోంగ్ యి చి తాంగ్ వాడతారు. 1180 నుంచి 1251 వరకు జీవించిన లి దోంగ్‌యువాన్ కూర్చిన మందు ఇది. పీ, జీర్ణకోశం దెబ్బతింటేనే నూరు జబ్బులు పుడతాయని వాదించి, ఆ అంశం మీదే 1249లో గ్రంథం రాసిన వైద్యుడాయన. 1232లో కైఫెంగ్ నగరం ముట్టడిలో జనం పిట్టల్లా రాలిపోవడం చూసి, అది బయటి చలిజ్వరం కాదు, ఆకలి, అలసట, భయం పీని కూల్చడమే అని తేల్చాడు. అందుకే ఆయన మందులో హువాంగ్ చి వేరు 18 గ్రాముల దాకా పడుతుంది, పైకి ఎత్తడానికి షెంగ్ మా, చాయ్ హు మూలికలు కొద్దిగా వేస్తారు. ఎత్తే మందు కాబట్టి రక్తపోటు ఎక్కువుండి తల దిమ్ముగా, ముఖం ఎర్రబడి ఉన్నవాళ్లకు ఇది సరిపడదు.

రక్తస్రావం, నిద్రలేమి, గుండెదడ కలిసి ఉంటే గుయి పి తాంగ్. వట్టి చెమ్మకైతే పింగ్ వెయ్ సాన్. అందులో బలమిచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఘాటైన సాంగ్ జు దుంప, హోవ్ పో బెరడు, నారింజ జాతి పండు తొక్క చెమ్మను ఎండబెట్టి అడ్డు తొలగిస్తాయి, అంతే. బలహీనత, చెమ్మ, పల్చటి విరేచనాలు మూడూ ఉన్నవాళ్లకు షెన్ లింగ్ బాయ్ జు సాన్.

తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. పూత జిడ్డుగా మందంగా ఉండగా జిన్‌సెంగ్, హువాంగ్ చి మొదలుపెడితే ఉబ్బరం రెట్టింపవుతుంది, ఆకలి చచ్చిపోతుంది. నీళ్లు పోని మడిలో ఇంకా నీళ్లు పెట్టినట్టే. ముందు చెమ్మను దించి, పూత పల్చబడ్డాక బలం మందు ఇవ్వాలి, లేదా రెండూ కలిపి ఇవ్వాలి. ఎప్పుడు ఏది అన్నది నాలుక, నాడి చూసి వైద్యుడే తేల్చాలి.

ఒకే మూలిక పచ్చిగా ఒక రకంగా, వేయించాక ఇంకో రకంగా పనిచేస్తుంది. గోధుమ తవుడుతో వేయించిన బాయ్ జు పీకి బలమిస్తుంది. పచ్చి బాయ్ జును 30 గ్రాములు, ఆపైన వేస్తే మలం జారేలా చేస్తుంది. పచ్చి అతిమధురం వేడిని తగ్గిస్తుంది, తేనెతో వేయించింది పీని, జీర్ణకోశాన్ని బలపరుస్తుంది. చీటీలో 'వేయించినది' అని ఉంటే పొట్లంలో ఉన్నది అదేనా అని అడిగి చూసుకోండి.

కషాయం కాచే తీరు

మట్టి పాత్ర మేలు, లేదంటే గాజు, స్టీలు. ఇనుము, రాగి, అల్యూమినియం వద్దు, మూలికల్లోని వగరు పదార్థాలు లోహంతో కలిసి రుచీ గుణమూ మారిపోతాయి. మూలికలను కడిగి పిండకండి, దుమ్ముంటే ఒక్కసారి నీళ్లలో ముంచి తీస్తే చాలు. చన్నీళ్లలో 30 నిమిషాలు నానబెట్టండి. వేడినీళ్లు పోస్తే మూలిక పైపొరలోని పిండి పదార్థం, మాంసకృత్తులు గడ్డకట్టి సారం బయటికి రాకుండా అడ్డుపడతాయి. నీళ్లు మూలికలకు పైన 2 నుంచి 3 సెంటీమీటర్లు నిలవాలి.

పెద్ద మంట మీద పొంగు వచ్చాక మంట తగ్గించి, బలం మందైతే 40 నిమిషాలు, పింగ్ వెయ్ సాన్ లాంటి ఘాటు మందైతే 20 నిమిషాలు కాచండి. ఘాటు నూనెలు ఆవిరితో పోతాయి కాబట్టే ఈ తేడా. షా రెన్ గింజలను నలగ్గొట్టి ఆఖరి 5 నిమిషాల్లో వెయ్యాలి. మొదటినుంచీ వేస్తే వాసన ఇంటికి, పిప్పి మీకు మిగులుతాయి. రెన్ షెన్ ఖరీదైన వేరు. దాన్ని పల్చగా తరిగి విడిగా గంటసేపు చిన్న మంట మీద కాచి, ఆ నీళ్లు చివర్లో కలిపితే సారం ఇతర మూలికల పిప్పిలోకి పీల్చుకుపోదు.

వేడిగా ఉండగానే వడకట్టండి, చల్లారితే సారం పిప్పిలోనే ఉండిపోతుంది. అదే పిప్పి మునిగేంత నీళ్లు పోసి ఇంకో 20 నుంచి 25 నిమిషాలు కాచండి. రెండు విడతలూ కలిపి 300 నుంచి 400 మిల్లీలీటర్లు రావాలి. దాన్ని రెండు పాళ్లు చేసి పొద్దున, సాయంత్రం గోరువెచ్చగా తాగాలి. బలం మందు అన్నానికి ముందు, కడుపులో తిప్పేవాళ్లు అన్నం తిన్న గంటకు. అడుగంటిన కషాయంలో నీళ్లు పోసి సరిపెట్టకండి, పారబోసి కొత్తది కాచుకోండి. మిగిలింది ఫ్రిజ్‌లో ఒక రోజు మించి ఉంచకండి.

నొక్కే చోట్లు, కాపడం

కొలత మీ చేతితోనే. బొటనవేలి వెడల్పు ఒక త్సున్, నాలుగు వేళ్లు కలిపి పెడితే మూడు త్సున్‌లు. వైద్యుడి వేళ్లతో కాదు, రోగి వేళ్లతో కొలవాలి.

జుసాన్‌లీ అనే చోటు కోసం మోకాలు కొద్దిగా వంచండి. చిప్ప కింద బయటివైపు గుంట తగులుతుంది. అక్కడినుంచి నాలుగు వేళ్లు కిందికి, కాలి ముందరి ఎముక అంచునుంచి ఒక వేలు బయటికి. సరైన చోట నొక్కితే బరువుగా, లాగినట్టుగా ఉంటుంది. కేవలం చర్మం నొప్పెడితే చోటు తప్పినట్టే. జోంగ్‌వాన్ బొడ్డుకూ రొమ్ము ఎముక కొసకూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. సాన్‌యిన్‌జియావ్ లోపలి చీలమండ శిఖరంనుంచి నాలుగు వేళ్లు పైకి, ఎముక వెనక అంచున ఉంటుంది. గర్భిణులు దీన్ని నొక్కకూడదు. చెమ్మకు యిన్‌లింగ్‌చువాన్: లోపలి చీలమండనుంచి ఎముక వెంట వేలు పైకి జరుపుకుంటూ పోతే మోకాలి కింద వేలు ఆగే గుంట అదే. ఒక్కో చోట 2, 3 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. సూదులు మాత్రం అనుమతి ఉన్న వైద్యుడే వెయ్యాలి.

చలువ ఉన్నవాళ్లకు ఎండు మాచిపత్రి చుట్ట కాపడం బాగా నప్పుతుంది. వెలిగించిన కొసను చర్మానికి 2 నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో పట్టి, చర్మం ఎరుపెక్కి హాయిగా వెచ్చబడేదాకా, 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. బూడిద రాలకముందే దులపాలి, కిటికీ తెరవాలి, అయిపోయాక ఇసుకలో గుచ్చి ఆర్పాలి. పైకి ఆరినట్టున్నా లోపల నిప్పు ఉంటుంది. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవాళ్లకు కాలినా తెలియదు, వాళ్లు కాళ్ల మీద కాపడం పెట్టుకోకూడదు. నాలుక పూత పచ్చగా ఉన్నవాళ్లకు, గర్భిణుల పొట్ట మీద కూడా వద్దు.

తిండి

పీకి పొడి ఇష్టం, చెమ్మ గిట్టదు అంటారు. మంచునీళ్లు, పచ్చి కూరలు, పాల మిఠాయిలు, నూనె వేపుళ్లు దాని మీద పడే భారం. చెమ్మకు అందరూ కాచుకునే ఎర్ర చిక్కుడు గింజలు, యి రెన్ అనే ధాన్యపు గింజల నీళ్లలో రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. మందులో చెప్పింది సన్నగా పొడుగ్గా ఉండే చిన్న ఎర్ర గింజ, జనం వేసేది మిఠాయిలకు వాడే గుండ్రటిది. పచ్చి యి రెన్ చలువ చేస్తుంది, చలువ పొట్టవాళ్లకు దాంతో విరేచనాలు పెరుగుతాయి. దోరగా వేయించి వాడాలి. గర్భిణులు యి రెన్ పూర్తిగా మానాలి.

బలహీనతకు మంచి గంజి ఇది: బియ్యం 50 గ్రాములు, ఎండు షాన్ యావ్ దుంప ముక్కలు 30, మధ్యలోని పచ్చటి మొలక తీసేసిన తామర గింజలు 15, నీళ్లు 800 మిల్లీలీటర్లు. గింజలు రెండు గంటలు నాననిచ్చి, సన్న మంట మీద గంటసేపు ఉడికించండి. ఆ మొలక చేదు, చలువ, అందుకే తియ్యాలి. మలబద్ధకం ఉన్నవాళ్లకు తామర గింజలు పడవు, అవి పట్టేస్తాయి.

జాగ్రత్తలు, ఆపాల్సిన సమయం

అతిమధురం వారాల తరబడి వాడితే రక్తపోటు పెరిగి, పొటాషియం పడిపోవచ్చు. కాళ్ల వాపు, కండరాల నీరసం కనిపిస్తే ఆపండి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు, మూత్రం జారీ చేసే మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లకు జిన్‌సెంగ్, దాంగ్ గుయి వేరు రెండూ ప్రమాదమే. శుద్ధి చెయ్యని బాన్ షియా గొంతును కాల్చేస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్న మూలికలు తారుమారైతే ఎంత ముప్పో బెల్జియంలో తేలింది: హాన్ ఫాంగ్ జి బదులు గువాంగ్ ఫాంగ్ జి పడి, బరువు తగ్గడానికి మందు వాడినవాళ్ల మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ సంగతి 1993లో వైద్య పత్రికలకెక్కింది. మూలిక పూర్తి పేరు, వచ్చిన చోటు రాసిన పొట్లమే కొనండి.

మొదట ఏడు రోజుల మందే తీసుకుని మళ్లీ చూపించుకోండి. మలం గట్టిపడడం, తిన్నాక కునుకు తగ్గడం మొదట కనిపించే మార్పులు. పళ్ల గాట్లు పోవడానికి చాలా ఆలస్యమవుతుంది, అవి పోలేదని మోతాదు పెంచకండి. మధ్యలో జలుబో జ్వరమో వస్తే బలం మందు ఆ రోజే ఆపాలి. దొంగ లోపలుండగా తలుపు గడియ వేసినట్టవుతుందని చైనా వైద్యులు అంటారు. జ్వరం పూర్తిగా దిగి, ఆకలి తిరిగివచ్చి, నాలుక పూత మళ్లీ సన్నబడ్డాక, సగం మోతాదుతో రెండు రోజులు చూసి, ఉబ్బరం లేకపోతే పాత మోతాదుకు వెళ్లండి.